ఒక ఫ్లాటు, ఐదు గొడవలు: ఎవరి మెట్లెక్కాలి?

[ఇంట్రో మ్యూజిక్ వద్దు, నేరుగా మొదలుపెడదాం]

"గెలిచినోడు ఇంటికెళ్లి ఏడిస్తే, ఓడినోడు కోర్టులోనే ఏడ్చాడట." బెంగళూరులో మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఎవరైనా బిల్డర్ మీద కేసు వేద్దామా అని అడిగితే చాలు, వెంటనే ఎవరో ఒక పెద్దాయన ఈ సామెత పడేస్తారు. కింద నలుగురు దండం బొమ్మలు పెడతారు. అక్కడితో చర్చ ముగిసింది, బిల్డర్ హాయిగా నిద్రపోయాడు.

నా చిరాకు ఏంటంటే, ఆ సామెత పుట్టింది పొలం గట్టు తగాదాల కాలంలో, తాత వేసిన దావాకి మనవడు వాయిదాలకి తిరిగిన రోజుల్లో. మీ గొడవల్లో సగం ఇప్పుడు ఆ సివిల్ కోర్టుకి వెళ్లనే వెళ్లవు. రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, తేల్చాల్సిన విషయాన్ని సివిల్ కోర్టు ముట్టుకోకూడదని రెరా చట్టంలోనే, 79వ సెక్షన్‌లో, రాసేశారు. అంటే మనం భయపడేది మనకి సంబంధం లేని మెట్లు చూసి!

సరే, ఒక ఫ్లాటు తీసుకుందాం. వీడియో అంతా ఇదే ఫ్లాటు, మారదు. ఓనర్ పేరు శ్రీను అనుకోండి, ఊరు గుంటూరు, ఉద్యోగం మారతహళ్లి. వర్తూరు వైపు 1,200 చదరపు అడుగులు, ఇప్పటికి 60 లక్షలు కట్టేశాడు. పొసెషన్ రెండేళ్లు లేటు. ఒకపక్క ఈఎంఐ, ఇంకోపక్క అద్దె, మధ్యలో వాళ్లావిడ "గృహప్రవేశం ఎప్పుడు" అని అడిగే చుట్టాలకి సమాధానం చెప్పలేక ఊరెళ్లడం మానేసింది.

శ్రీను చేసే మొదటి పని, మనందరం చేసే పనే, పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. వాళ్లు "ఇది సివిల్ మ్యాటర్" అంటారు. తిట్టుకుంటూ బయటికొస్తాడు కానీ, ఒప్పందం ప్రకారం పని జరగలేదనే తగాదా వరకూ వాళ్లన్నది కరెక్టే. మోసం, దొంగ పత్రాలు ఉంటే అది వేరే కథ.

ఇప్పుడు అగ్రిమెంట్ తీయమనండి. ఇక్కడ కాస్త ఆగుదాం, నాకు బాగా ఇష్టమైన పేజీ ఇది. శ్రీను ఒక వాయిదా లేటుగా కడితే ఏడాదికి 18 శాతం వడ్డీ. బిల్డర్ లేటు చేస్తే? చదరపు అడుగుకి నెలకి 5 రూపాయలు. అంటే 1,200 అడుగులకి నెలకి 6,000. ఆ డబ్బుతో వర్తూరులో సింగిల్ రూమ్ కూడా రాదు. శ్రీను ఏమనుకుంటాడు? "సంతకం పెట్టేశాను కదా, ఇంకేం చేస్తాం." ఇదే, ఈ మాటే నన్ను మండిస్తుంది. ఇలాంటి ఏకపక్ష షరతులు కొన్నవాళ్లని కట్టిపడేయలేవని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 రెరా చట్టమైతే ఇంకా సూటిగా, మీరు లేటైతే ఎంత వడ్డీయో బిల్డర్ లేటైనా అంతే వడ్డీ అంటుంది.

కర్ణాటకలో ఆ రేటు స్టేట్ బ్యాంకు ఎంసీఎల్‌ఆర్, అంటే బ్యాంకు అప్పులిచ్చే కనీస వడ్డీ రేటు, దాని మీద ఇంకో 2 శాతం. లెక్క తేలిగ్గా ఉండటానికి మొత్తం 10 శాతం అనుకుందాం. 60 లక్షల మీద ఏడాదికి 6 లక్షలు, నెలకి 50 వేలు. అగ్రిమెంట్‌లో రాసింది ఆరు వేలు, చట్టం ఇచ్చేది యాభై వేలు. [స్క్రీన్ మీద రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి, పెద్దగా] ఫ్లాటే వద్దనుకుంటే కట్టిన డబ్బంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఏది కావాలో ఎంచుకునేది శ్రీను, బిల్డర్ కాదు. అది 18వ సెక్షన్.

ఈ రెరా మెట్లు ఎక్కడున్నాయి? మిషన్ రోడ్ దగ్గర, సీఎస్ఐ కాంపౌండ్, యూనిటీ బిల్డింగ్. లాయర్ లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. "నాకు కన్నడ రాదండీ" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు ఆగండి, ఇంగ్లిష్‌లో రాసివ్వొచ్చు. (పదేళ్లుగా ఇక్కడ ఉంటూ "స్వల్ప అడ్జస్ట్ మాడి" దాటి నేర్చుకోకపోవడం గురించి ఇంకోసారి తిట్టుకుందాం.)

మరి అంతా బాగుందా అంటే, లేదు. ఆర్డర్ రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం ఇంకో ఎత్తు. బిల్డర్ కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి, అంటే కాగితం రెవెన్యూ ఆఫీసుకి, తహశీల్దార్ టేబుల్ మీదికి వెళ్తుంది. అక్కడ నత్తనడక. ఆర్డర్ రాగానే స్వీట్లు పంచేసి ఇంట్లో కూర్చుంటే ఆ ఫైలు కూడా కూర్చుంటుంది. నన్నడిగితే రెరాలో అసలైన లోటు ఇదే.

అదే శ్రీను వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. రెరా ఉంది కాబట్టి ఇటు రాకూడదన్న బిల్డర్ల వాదనని 2020లో ఇంపీరియా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాకపోతే కట్టింది 60 లక్షలు కదా, జిల్లా కమిషన్ హద్దు 50 లక్షలు, అందుకని రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. చూసేది మీరు కట్టిన డబ్బు, అడిగే నష్టపరిహారం కాదు. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు.

ఫ్లాటు వచ్చింది, హైదరాబాద్‌లో సోఫా కొని తెప్పించాడు, రెండు నెలలకి స్ప్రింగు బయటికొచ్చింది. కేసు వేయడానికి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు సున్నా, గడువు రెండేళ్లు. ఆర్డర్ వచ్చినా కంపెనీ లెక్కచేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు వేసే అధికారం కూడా ఆ కమిషన్‌కి ఉంది. "వినియోగదారుల ఫోరమ్ అంటే డమ్మీ కోర్టు" అనే మేధావులకి ఈ ముక్క ఫార్వర్డ్ చేయండి.

ఇంతవరకూ శ్రీను బాధితుడు. ఇప్పుడు బాల్కనీ తలుపు తీయమనండి. చెరువు కంపు. బెళ్లందూరు చెరువు మంటలు, నురగ మీరందరూ చూసినవే. 2017లో ఆ మంటలు చూసి, ఎవరూ పిటిషన్ వేయకుండానే, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుంది. 2018 డిసెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్ల జరిమానా వేసి, చెరువు బాగుకోసం 500 కోట్లు విడిగా జమ చేయమంది. ఇది ఏ ఒక్కరి నష్టపరిహారమూ కాదు, అందరి ముక్కుల కోసం వేసిన కేసు. తమాషా ఏంటంటే, శ్రీను ఉండే అపార్ట్‌మెంట్‌లో కరెంటు బిల్లు మిగుల్చుకోవాలని మురుగు శుద్ధి ప్లాంటు ఆపేసి రాత్రి పూట కాలవలోకి వదిలితే, అసోసియేషన్ సెక్రటరీగా ఉన్న శ్రీనుకే నోటీసు వస్తుంది. ఇదే ఫ్లాటు, ఈసారి బోనులో మనమే!

[టైమ్ చూశాను, ఎక్కువైంది, మిగతావి పరిగెత్తిద్దాం]

గేటు బయట లారీ గుద్దిందనుకోండి. మోటారు ప్రమాద క్లెయిమ్‌లు బెంగళూరులో స్మాల్ కాజెస్ కోర్టు చూస్తుంది, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి, ఆస్పత్రి బిల్లులు పారేయకండి. బిల్డర్ దివాలా తీశాడనుకోండి, అప్పుడు కంపెనీల దివాలా కేసులు చూసే ట్రైబ్యునల్, ఎన్‌సీఎల్‌టీ. 2018 నుంచి ఫ్లాటు కొన్నవాళ్లకి కూడా అప్పిచ్చిన బ్యాంకుల పక్కన కుర్చీ వేశారు, కానీ కేసు మీరే మొదలుపెట్టాలంటే ఆ ప్రాజెక్టులో 100 మంది, లేదా పదో వంతు మంది, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. దివాలా కేసు నడుస్తున్నంతసేపు మిగతా కేసులకి బ్రేక్. ట్రైబ్యునల్ తప్పు చేస్తే దిక్కెవరు అంటారా, పైన అప్పీలు ఉంది, దాని మీద హైకోర్టు ఉంది. ట్రైబ్యునళ్లు హైకోర్టు పరిధికి అతీతం కాదని చంద్రకుమార్ కేసులో 1997లోనే తేలిపోయింది.

చివరిగా లోక్ అదాలత్, అంటే రెండు పక్షాలనీ కూర్చోబెట్టి రాజీ చేసే చోటు. రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కిస్తారు, తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అప్పీలు లేదన్నది మీకూ వర్తిస్తుంది. కాబట్టి బిల్డర్ మనిషి పక్కన కూర్చుని "సార్, ఊట టైమ్ ఆయ్తు, సైన్ మాడి" (భోజనం టైమైంది, సంతకం పెట్టండి) అంటే, ముందు చెక్కు మీద తేదీ చూడండి, ఆ తర్వాతే పెన్ను మూత తీయండి.