స్కార్మరీకి నాలుగో మూవ్ ఏది? అక్కతో ఒక పెద్ద పంచాయితీ

తమ్ముడు: ఆన్ అయిందా? అయింది. అందరికీ నమస్తే. ఇవాళ నా గొంతు కాస్త డల్‌గా వినిపిస్తే ఏమనుకోకండి, నిన్న రాత్రి షోడౌన్‌లో, అదే, పోకెమాన్ జట్లతో ఆన్‌లైన్‌లో ఆడే చోట, గెలిచేసిన మ్యాచ్ ఒకటి చేజేతులా పోగొట్టుకుని పన్నెండున్నరకి లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను, పడుకున్నాను అన్నమాటే గానీ నిద్ర పట్టలేదు.

అక్క: గెలిచేసిన మ్యాచ్ అని ఓడినవాళ్లే అంటార్రా. సరే, ఏమైందో చెప్పు, నాకూ సగమే చెప్పావు.

తమ్ముడు: ఎదుటివాడి ఆరు పోకెమాన్‌లలో మిగిలింది ఒక్క కింగాంబిట్. నాకు ఫుల్ హెల్త్‌లో స్కార్మరీ ఉంది, వెనకాల సగం ప్రాణంతో బ్లిస్సీ. వాడు స్వోర్డ్స్ డాన్స్ వేసి దెబ్బ బలం పెంచుకున్నాడు. నేను కంగారుపడలేదు, నా దగ్గర వర్ల్‌విండ్ ఉంది కదా, ఎదురుగా ఉన్నవాడిని ఊదేసి వెనకాలవాడిని లాక్కొస్తుంది, ఊదేస్తే వాడు పెంచుకున్న బలమంతా పోతుంది అని నొక్కాను. ఫెయిల్ అని వచ్చింది.

అక్క: వస్తుంది మరి. ఊదితే ఎక్కడికి పోవాలి? వెనకాల ఎవడూ లేడుగా.

తమ్ముడు: ఆ క్షణంలో బుర్రకి తట్టలేదక్కా! సరేలే, బాడీ ప్రెస్ అనే ఫైటింగ్ టైప్ మూవ్ ఉంది, కింగాంబిట్ టైపులు డార్క్-స్టీల్, ఫైటింగ్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది, అయిపోతాడు అనుకున్నాను. వాడు టెరా, అంటే మ్యాచ్‌కి ఒక్కసారే టైప్ మార్చుకునే వీలు, వాడి ఘోస్ట్ అయ్యాడు. ఫైటింగ్ దెబ్బ ఘోస్ట్‌కి తగలనే తగలదు. కౌటౌ క్లీవ్‌తో నాకు ముప్పావు ప్రాణం పైనే పోయింది, తర్వాత సక్కర్ పంచ్. బ్లిస్సీ సంగతి చెప్పక్కర్లేదు.

అక్క: పైగా వాడి జట్టులో అయిదుగురూ పడిపోయి ఉన్నారు కాబట్టి కింగాంబిట్‌కున్న సుప్రీమ్ ఓవర్‌లార్డ్ అనే గుణం వల్ల దెబ్బకి ఇంకో 50 శాతం బలం. అది పోయినవాళ్ల కోసం ఏడ్చే రకం కాదు, లెక్కేసుకుని కొట్టే రకం.

తమ్ముడు: అందుకే ఇవాళ్టి టాపిక్ ఇది. స్కార్మరీకి ఉన్నవి నాలుగు మూవ్ స్లాట్లు. నేను ప్రాణం నింపుకునే రూస్ట్, ఎదుటివైపు నేల మీద ముళ్లు పరిచే స్పైక్స్, వర్ల్‌విండ్, బాడీ ప్రెస్ పెట్టాను. వర్ల్‌విండ్ తీసేసి ఫ్లయింగ్ దెబ్బ బ్రేవ్ బర్డ్ పెట్టాలా, డిఫెన్స్ పెంచే ఐరన్ డిఫెన్స్ పెట్టాలా, అసలు బాడీ ప్రెస్సే దండగా? పొద్దున్నుంచీ ఇదే గొడవ.

అక్క: ముందు ఒక మాట. నువ్వు ఒక్క మ్యాచ్ ఓడి సెట్ మార్చేస్తున్నావ్. నిన్న నీ దగ్గర బ్రేవ్ బర్డ్ ఉన్నా గెలిచేవాడివి కాదు, కాలిక్యులేటర్‌లో వేసి చూశాను. టెరా ఘోస్ట్ అయిన కింగాంబిట్‌కి, హెచ్‌పీలో, అంటే ప్రాణంలో, అదనపు పాయింట్లు ఏం పెట్టకపోయినా సరే, నీ బ్రేవ్ బర్డ్ తీసేది 27 నుంచి 32 శాతం. నాలుగు దెబ్బలు కావాలి. అప్పటిదాకా వాడు నిన్ను చూస్తూ కూర్చోడు.

తమ్ముడు: అంటే మూవ్ తప్పు కాదంటావ్.

అక్క: నిన్నటికి కాదు. వాడి టెరా ఇంకా వాడలేదని నీకు తెలుసు, చివర్లో కింగాంబిట్ ఉంటుందనీ తెలుసు, మ్యాచ్ ముందు జట్లు చూపించే టీమ్ ప్రివ్యూలోనే కనిపించింది. మధ్యలో ఎక్కడో వాడిచేత టెరా ఖర్చు పెట్టించాలి. అది ఆట తప్పు. కానీ నీ సెట్ బాగుందని కూడా నేను అనట్లేదు.

తమ్ముడు: అయిపోయింది. మొదలైంది.

అక్క: (నవ్వు) కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. స్కార్మరీ 1999లో గోల్డ్, సిల్వర్ ఆటలతో వచ్చిన ఇనప రెక్కల పక్షి. స్టీల్-ఫ్లయింగ్. బేస్ డిఫెన్స్ 140, అటాక్ 80, ప్రత్యేక డిఫెన్స్ 70 మాత్రమే. అంటే చేత్తో కొట్టేవాళ్లకి గోడ, దూరం నుంచి నిప్పో కరెంటో విసిరేవాళ్లకి కాగితం. ఆ రెండో రకాన్ని ఆపడానికి బ్లిస్సీ. ఈ జంట ఇరవై ఏళ్లకి పైగా ఉంది. 2002లో రూబీ, సఫైర్ వచ్చాక స్కార్మరీకి స్పైక్స్ దొరికాయి, స్పైక్స్ మూడు పొరలు వేసుకునే వీలూ అప్పుడే వచ్చింది. అప్పటి నుంచీ దీని ఉద్యోగం ఒకటే, ముళ్లు పరచడం.

తమ్ముడు: ఒక పొరకి ఎనిమిదో వంతు, రెండుకి ఆరో వంతు, మూడుకి పావు వంతు ప్రాణం. నేల మీద నిలబడేవాళ్లకే లే, ఎగిరేవాళ్లకి లేదు.

అక్క: అదీ. అందుకని రూస్ట్, స్పైక్స్ గురించి వాదన లేదు. రూస్ట్ తీసేస్తే అది గోడ కాదు, తడక. స్పైక్స్ తీసేస్తే అసలు స్కార్మరీ ఎందుకు, కోర్వినైట్ అనే ఇంకో స్టీల్ పక్షిని పెట్టుకో, కొట్టి వెనక్కి వచ్చేసే యూ-టర్న్ అయినా ఉంటుంది.

తమ్ముడు: రూస్ట్ మీద నాకో బాధ ఉంది. ముందు తరాల ఆటల్లో మ్యాచ్‌కి పదహారు సార్లు వాడుకునేవాళ్లం, తొమ్మిదో తరంలో ఎనిమిదికి తగ్గించారు.

అక్క: దాన్ని తిట్టుకుంటారు గానీ నాకు నచ్చింది. ఇంతకుముందు చీటికీమాటికీ రూస్ట్ నొక్కేవాళ్లు, ఇప్పుడు నొక్కే ముందు ఆలోచిస్తున్నారు. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: రూస్ట్ వేసిన ఆ టర్న్‌లో ఫ్లయింగ్ టైప్ పోతుంది, ఉత్త స్టీల్‌గా మిగులుతుంది. గ్రేట్ టస్క్ నీకంటే వేగం కాబట్టి వాడి ఎర్త్‌క్వేక్, ఎగిరేవాళ్లకి తగలని ఆ నేల దెబ్బ, ముందే వచ్చి గాలికి పోతుంది, ఆ తర్వాత నువ్వు దిగుతావు, ఏం కాదు. అదే టింగ్-లూ ముందు వేశావనుకో, దాని బేస్ స్పీడ్ 45, నీది 70, నువ్వు ముందు నేల మీద వాలతావు, తర్వాత ఎర్త్‌క్వేక్ వస్తుంది, అదీ రెండింతలు. వాలిన పిట్టని రాయిచ్చుకుని కొట్టినట్టే.

తమ్ముడు: అది నాకు జరిగింది. చెప్పను ఎన్నిసార్లో.

అక్క: చెప్పక్కర్లేదు, నీ రీప్లేలు చూస్తూనే ఉంటాను. సరే, మిగిలింది రెండు స్లాట్లు. నేను మూవ్ వైపు నుంచి ఆలోచించను. ఏది బలమైన మూవ్ అని అడిగితే అన్నీ బలమైనవే. నేను అడిగేది ఒకటే, నా స్కార్మరీ నిలబడి ఉంటే ఎవడు నవ్వుకుంటూ లోపలికొస్తాడు? వాడి నవ్వు ఆపేదే నా మూవ్. ఊరికే నిలబడే గోడకి ఎవరైనా పిడకలు కొట్టి పోతారు.

తమ్ముడు: (నవ్వు) అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లిపోయావు. సరే, ఎవరెవరు వస్తారు? మొదట గ్రేట్ టస్క్. ర్యాపిడ్ స్పిన్ వేసి నేను నాలుగు టర్న్లు కష్టపడి పరిచిన ముళ్లన్నీ ఊడ్చేస్తాడు.

అక్క: ఇప్పుడు వాడి మీద రెండు దెబ్బలూ పోల్చు. నేను చెప్పే లెక్కకి స్కార్మరీ డిఫెన్స్ పూర్తిగా పెంచింది, లెవెల్ 100లో 416 వస్తుంది. అటాక్‌లో ఒక్క పాయింట్ కూడా పెట్టలేదు, 196. బాడీ ప్రెస్ అటాక్ బదులు డిఫెన్స్ చూస్తుంది కదా, 80 బలం ఇంటూ 416. బ్రేవ్ బర్డ్ 120 బలం, సొంత టైప్ కాబట్టి ఒకటిన్నర రెట్లు, ఇంటూ 196. వేసి చూడు.

తమ్ముడు: ఆగు... 33 వేల చిల్లర, ఇటు 35 వేల చిల్లర. అరే, దాదాపు సమానం!

అక్క: కదా? అందరూ బాడీ ప్రెస్ చాలా గట్టి దెబ్బ అనుకుంటారు. ఐరన్ డిఫెన్స్ ఒకసారి వేస్తే రెట్టింపు అవుతుంది, అప్పుడు గట్టిదే. వట్టి బాడీ ప్రెస్ మాత్రం బ్రేవ్ బర్డ్ కంటే ఓ పిసరు తక్కువే, కాకపోతే తిరిగి మనకి దెబ్బ తగలదు. అంటే తేడా బలంలో లేదు, టైప్‌లో ఉంది. గ్రేట్ టస్క్ గ్రౌండ్-ఫైటింగ్. బాడీ ప్రెస్ వాడికి 22 నుంచి 26 శాతం. బ్రేవ్ బర్డ్ 46 నుంచి 55.

తమ్ముడు: దగ్గర దగ్గర సగం ప్రాణం.

అక్క: ముళ్ల మీద అడుగుపెట్టి ఒకసారి, బ్రేవ్ బర్డ్‌తో ఒకసారి. అలా తిన్నాక స్పిన్ వేయడానికి వాడు రెండోసారి అంత తేలిగ్గా రాడు. అయితే ఉచితం కాదు, తీసిన ప్రాణంలో మూడో వంతు మనకి తిరిగి తగులుతుంది, టస్క్‌ని కొడితే నీ 334లో అరవై దాకా పోతాయి. దాదాపు అయిదో వంతు. ఆ అయిదో వంతుకీ మళ్లీ రూస్ట్ కావాలి, ఆ రూస్ట్‌లు ఎనిమిదే.

తమ్ముడు: మరి బాడీ ప్రెస్ పెట్టుకుంటే కింగాంబిట్‌కి భయం ఉంటుంది. హెచ్‌పీ పెంచని కింగాంబిట్ టెరా వాడకుండా నిలబడితే ఒకే దెబ్బకి పోతుంది, అది నేనూ వేసి చూశాను. పోనీ చావకపోయినా టెరా వాడక తప్పదు.

అక్క: అదీ అసలు లాభం. బాడీ ప్రెస్ తగలకపోయినా పని చేస్తుంది, ఎందుకంటే వాడి టెరాని బయటికి లాగుతుంది. నువ్వు నిన్న చివరి టర్న్‌లో లాగావు, నేనైతే పదో టర్న్‌లోనే లాగేదాన్ని. ఇంకా మాగ్నెజోన్ ఉంది, మాగ్నెట్ పుల్‌తో స్కార్మరీని కదలనివ్వకుండా పట్టేసుకుంటుంది. దానికి బ్రేవ్ బర్డ్ పావు వంతే తగులుతుంది, గిలిగింత. బాడీ ప్రెస్ సగానికి పైన తీస్తుంది. అందుకని రెండు దెబ్బల్లో ఏది అంటే, నీ మిగతా అయిదుగురిలో గ్రేట్ టస్క్‌కి ఎవరు జవాబు చెప్తారు, కింగాంబిట్‌కి ఎవరు చెప్తారు అని చూసుకోవాలి. నీ టీమ్‌లో ఎవరున్నారు?

తమ్ముడు: టస్క్‌కి డోండోజో ఉంది. కింగాంబిట్‌కి... అదీ డోండోజోనే. అది పోతే ఎవరూ లేరు.

అక్క: చూశావా. అయితే డోండోజో టస్క్ దెబ్బలు తిని తిని అరిగిపోయాక కింగాంబిట్ వస్తోంది. నిన్నా అదే జరిగుంటుంది.

తమ్ముడు: ...అదే జరిగింది.

అక్క: మరి స్కార్మరీని టస్క్ మీద పెట్టి డోండోజోని కింగాంబిట్‌కి దాచుకోవచ్చు కదా. డోండోజోకి అన్‌అవేర్ ఉంది, ఎదుటివాడు ఎన్ని స్వోర్డ్స్ డాన్స్‌లు వేసినా దానికి పట్టదు. అప్పుడు స్కార్మరీకి బ్రేవ్ బర్డ్ కావాలి, బాడీ ప్రెస్ కాదు.

తమ్ముడు: అంటే నేను మార్చాల్సింది వర్ల్‌విండ్ కాదా? నేను నిన్నటి కోపంతో దాన్నే పీకేద్దామనుకున్నాను.

అక్క: వర్ల్‌విండ్ అన్యాయంగా తిట్లు తింటోంది. మూడు పొరల స్పైక్స్ ఉన్నప్పుడు ఒక్కసారి ఊదావంటే కొత్తగా ఈడ్చుకొచ్చినవాడికి పావు ప్రాణం పోయినట్టే, నువ్వు వేలు కూడా ఎత్తకుండా. కానీ దాని ప్రయారిటీ మైనస్ 6, ఎదుటివాడు కొట్టాకే నువ్వు ఊదుతావు, కాబట్టి ఆ ఒక్క దెబ్బా తట్టుకునే ప్రాణం ఉండాలి. చివరి ఒక్కడి మీద పనిచేయదు, గోల్డెంగో మీద పనిచేయదు. నిన్న నువ్వు దాన్ని చివరిదాకా దాచుకున్నావు, అది మధ్యలో వాడే వస్తువు.

తమ్ముడు: గోల్డెంగో అంటే గుర్తొచ్చింది. అసలు నవ్వుకుంటూ వచ్చేవాళ్లలో మొదటివాడు వాడే కదా? గుడ్ యాజ్ గోల్డ్ అనే గుణం వల్ల వాడి మీద స్టేటస్ మూవ్, అంటే నేరుగా దెబ్బ కొట్టనిది, ఏదీ పనిచేయదు, స్టీల్-ఘోస్ట్ కాబట్టి బాడీ ప్రెస్ సున్నా, బ్రేవ్ బర్డ్ సగం.

అక్క: వాడికి స్కార్మరీ దగ్గర జవాబు లేదు. వెతక్కు. అన్నిటికీ జవాబుండే సెట్ కోసం వెతికితే చివరికి దేనికీ గట్టి జవాబు లేని సెట్ తయారవుతుంది. ఒకటే గుర్తుంచుకో, స్పైక్స్ వాడి మీద వేసేది కాదు, వాడి వైపు నేల మీద వేసేది. గుడ్ యాజ్ గోల్డ్ దాన్ని ఆపదు. వాడు వస్తాడనిపించినప్పుడు ఒక పొర వేసి, వాడు షాడో బాల్ విసిరేలోపు బ్లిస్సీకి మారిపో. వాడి నవ్వు ఆగదు గానీ వాడు వచ్చినందుకు అద్దె కట్టాడు.

తమ్ముడు: ఐరన్ డిఫెన్స్ మాటేంటి మరి? బాడీ ప్రెస్‌తో కలిపి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

అక్క: ఉన్నారు, గెలుస్తున్నారు కూడా. కానీ అది వేరే పక్షి. రూస్ట్, ఐరన్ డిఫెన్స్, బాడీ ప్రెస్ పెట్టాక స్పైక్స్‌కి ఒక్క స్లాట్ మిగులుతుంది, ఊదడం లేదు. అంటే ముళ్లు పరిచే పక్షి కాదు, మ్యాచ్ చివర్లో తానే గెలిపించే పక్షి. అప్పుడు ఘోస్ట్‌లని ముందే తీసేసే తోడు కావాలి. నీ టీమ్‌లో అలాంటిది లేదు. నీకు ఓపిక కూడా లేదు, అది వేరే విషయం.

తమ్ముడు: థాంక్స్ అక్కా.

అక్క: టాంట్ ఒకటి గుర్తుపెట్టుకో. మూడు టర్న్లు స్టేటస్ మూవ్ ఒక్కటీ నొక్కనివ్వదు. నీ నాలుగింటిలో మూడు స్టేటస్‌లే, ఆ మూడు టర్న్లూ నీకున్నది ఒక్క బటన్. ఆ బటన్ ఎదురుగా ఉన్నవాడికి తగలనిదైతే గొడుగు లేకుండా వానలో నిలబడ్డట్టే. బ్రేవ్ బర్డ్ అని నేను అనడానికి అదీ ఒక కారణం, ఎవరికైనా ఎంతో కొంత తగులుతుంది, సున్నా అయ్యేవాళ్లు లేరు.

తమ్ముడు: సరే, మార్చాను. రూస్ట్, స్పైక్స్, వర్ల్‌విండ్, బ్రేవ్ బర్డ్. తాకి కొట్టినవాడికి తిరిగి గుచ్చే రాకీ హెల్మెట్ ఉంచుతున్నా. సేవ్. ఇప్పుడే ఒక మ్యాచ్ వెతకనా? రికార్డింగ్ ఆపకు.

అక్క: వెతుకు. టైమ్ ఉంది.

తమ్ముడు: దొరికింది. ప్రివ్యూ వచ్చింది... గ్రేట్ టస్క్, గోల్డెంగో, డ్రాగనైట్, కింగాంబిట్...

అక్క: మాగ్నెజోన్.

తమ్ముడు: మాగ్నెజోన్! అక్కా, ఇప్పుడే కదా బాడీ ప్రెస్ తీసేయించావు!

అక్క: అరవకు, మైక్ పగిలిపోతుంది. స్కార్మరీని ముందు పంపకు. బ్లిస్సీని పంపు.