శిక్షకు ముందు ఒక్క మాట

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వకీలు మిత్రులకు నమస్కారం. జూన్ 26 కదా, మత్తు వ్యతిరేక దినం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పొద్దున ర్యాలీ అయింది, ప్రతిజ్ఞ అయింది. నేను వాటి జోలికి పోను. 39వ సెక్షన్ గురించి మాట్లాడతాను.

1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టంలోదే అది, అంటే మత్తు పదార్థాల చట్టం. మత్తు వాడిన కేసులో గానీ, చిన్న పరిమాణం కేసులో గానీ దోషిగా తేలిన మనిషి దానికి బానిసైపోయి ఉంటే, వెంటనే జైలుకు పంపకుండా, అతను ఒప్పుకుంటే బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. గంజాయి అయితే కిలో లోపు చిన్న పరిమాణమే. ఈ సెక్షన్ కింద పిటిషన్ వేసినవాళ్లు చేతులెత్తండి. ఊఁ... వెనక ఒక్కరు.

ఒక కుర్రాడి కేసు చెబుతాను. నాది కాదు, నా కేసు పిలుపు కోసం కూర్చుని చూశాను. అరకిలో లోపు గంజాయి. దోషి అన్నారు. శిక్ష మీద ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే "తప్పయిపోయిందయ్యా" అన్నాడు. వాళ్ల వకీలు లేచి, ముసలి తల్లి ఉంది, దయచూడండి అన్నారు. అంతే! ఆ తల్లి బయట వరండాలో కూర్చుని ఉంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి కాగితాలు. ఆమెను ఎవరూ అడగలేదు. తల్లి ముసలిదని చెప్పారు గానీ, బిడ్డకు జబ్బని చెప్పలేదండీ!

మత్తులో చేశాడని వదిలేస్తామా అని పోలీసు మిత్రులు అంటారు. వదలమని నేనూ అనడం లేదు. తనంతట తాను మత్తెక్కించుకున్నవాడికి అది మినహాయింపు కాదని పాత శిక్షాస్మృతి ఐపీసీలోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బి.ఎన్.ఎస్.లోనూ ఉంది. నేరం నేరమే. నేనంటున్నది ఆ తర్వాత శిక్ష వేసేటప్పటి సంగతి.

ఇక 20 కిలోలు దాటి గంజాయి పట్టుబడితే పదేళ్లకు తగ్గించడానికి జడ్జిగారికీ వీల్లేదు. శిక్ష పెంచడానికి ఏమేం చూడాలో అదే చట్టం 32-బి సెక్షన్‌లో రాశారు, తగ్గించడానికి అలాంటి జాబితా రాయలేదు. ఆ కోపం నాకు వేరే ఉంది, ఇంకో రోజు చెబుతాను. కిలో నుంచి 20 కిలోల వరకూ ఉన్న కేసుల్లో మాత్రం కనీస శిక్ష లేదు. అక్కడైనా డాక్టరు కాగితం పెట్టండయ్యా!

ఉచిత న్యాయ సహాయం చూసే లీగల్ ఎయిడ్ వారు ఇక్కడే ఉన్నారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, మత్తు మాన్పించే డీ-అడిక్షన్ కేంద్రాల జాబితా, 14446 హెల్ప్‌లైన్ నంబరుతో సహా, ఆ వరండాలో అంటించండి. ఖర్చు నేనిస్తాను.