అంబాసిడర్‌లో ఉన్నది ఏ కామ్? ఇంజిన్ దింపకుండా తేల్చుకుందాం

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో లేత్ మోత వినబడితే ఏమనుకోకండి. పక్క షెడ్డు బాబాయ్‌ని ఓ అరగంట ఆపమంటే, "నువ్వే ఓ అరగంట ఆగరా" అన్నాడు.

ఇదిగోండి బండి. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్. 1959లో సైడ్ వాల్వు ఇంజిన్ పోయి దాని బదులు వచ్చిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజినే ఇది. 1.8 ఇసుజు బండ్లు ఉన్నవాళ్ళకి ఈ వీడియో పనికిరాదు, వాటికి కామ్, అంటే వాల్వుల్ని తెరిపించే షాఫ్టు, పైన హెడ్‌లో ఉంటుంది. దీనికి కింద బ్లాకులో ఉంటుంది.

ఓనరు గారు దీన్ని తెనాలి వైపు కొన్నారు. అమ్మినాయన "ర్యాలీ కామ్ వేయించానండీ, అందుకే కింద లాగదు, పైకెళ్ళాక చూడండి" అన్నాడట. కింద, అంటే ఇంజిన్ తక్కువ స్పీడులో తిరిగేటప్పుడు, లాగని మాట నిజం. బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో రెండో గేరులో ఏడుస్తోంది. ఆ ర్యాలీ మాట సంగతే చూడాలి.

షాఫ్టు మీద నంబరు చూస్తే సరిపోదా అంటారు. ఆ నంబరు కనబడాలంటే ముందు షాఫ్టు బయటికి లాగాలి. లాగినా, ఎవరైనా గ్రైండింగ్ చేయించి ఉంటే లోబు (వాల్వుని తోసే ఉబ్బు) మారిపోయి పాత నంబరు అలాగే ఉండిపోతుంది. నేను నంబరుని నమ్మను, కొలతనే నమ్ముతాను.

సామాను పెద్దగా ఏమీ లేదు. డయల్ గేజీ (సన్నని కదలికని కొలిచేది), మాగ్నెట్ స్టాండు, డిగ్రీ ప్లేటు. ఈ ప్లేటు నేను జిరాక్స్ షాపులో 360 డిగ్రీల బొమ్మ తీయించి పాత సీడీకి అంటించుకున్నదే. దీన్ని ముందు పుల్లీకి బిగించి, వైరు ముక్కతో ముల్లు పెట్టాను.

ముందు ఒకటో సిలిండరు టీడీసీ, అంటే పిస్టను పూర్తిగా పైకొచ్చే చోటు. పుల్లీ మీద గుర్తుంది కదా అనకండి, యాభై ఏళ్ళ బండిలో ఆ పుల్లీ ఏ బండిదో ఎవడికి తెలుసు! పాత స్పార్క్ ప్లగ్గులో పింగాణీ కొట్టేసి, బోల్టు వెల్డింగ్ చేయించాను. ఇది ప్లగ్గు చోట బిగిస్తే పిస్టను పైకొచ్చి దీన్ని తాకి ఆగుతుంది. మిగతా ప్లగ్గులు తీసేసి, ఇంజిన్‌ని మెల్లిగా తిప్పండి. గట్టిగా తిప్పారో, పిస్టను నెత్తిన గుంట పడుతుంది. ఆగిన చోట చదివితే 38. వెనక్కి తిప్పితే అటువైపు 44లో ఆగింది. అసలు టీడీసీ ఆ రెండింటికి సరిగ్గా మధ్యన. ముల్లుని మూడు డిగ్రీలు జరిపితే రెండు వైపులా 41 వస్తుంది. ఈ బోల్టు ప్లగ్గు తీసేయడం మర్చిపోకండి.

ఇప్పుడు టాపెట్ కవరు తీశాను. రాకర్లు (వాల్వుల్ని నొక్కే మీటలు) విప్పి, వాటిని కింద నుంచి తోసే పుష్ రాడ్ మీదే కొలిస్తే ఇంకా బాగుంటుంది. కానీ ఈ ఇంజిన్లో రాకర్ స్టాండ్లను పట్టుకునేవాటిలో హెడ్ నట్లు కూడా ఉన్నాయి. అవి కదిపితే హెడ్ గాస్కెట్ పని పడుతుంది, నాకొద్దు. అందుకే గేజీ కాలు వాల్వు స్ప్రింగు టోపీ మీదే పెడుతున్నా. హెడ్ పోతపోసిన ఇనుమే కాబట్టి మాగ్నెట్ చక్కగా పట్టుకుంటుంది.

ముందు నుంచి లెక్కపెడితే 1, 4, 5, 8 ఎగ్జాస్టు (పొగ వదిలేవి). 2, 3, 6, 7 ఇన్‌లెట్ (గాలి పీల్చేవి). రెండో వాల్వు పట్టుకుందాం. దానికీ రాకరుకీ మధ్య గ్యాపు, టైమింగ్ చూడ్డానికి మాన్యువల్ ఎంత పెట్టమందో అంతే పెట్టండి, బండి నడిపే గ్యాపు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డిగ్రీల అంకె ఒక్కటే చెప్తే అర్థం లేదు, దాన్ని ఎంత గ్యాపుతో, ఎంత లిఫ్టు దగ్గర తీశారో కూడా చెప్పాలి. బయటి దేశాల కామ్ కంపెనీలు కొన్ని 1.27 మిల్లీమీటర్ల లిఫ్టు దగ్గర కొలిచి అంకె ఇస్తాయి. దాన్ని తెచ్చి మాన్యువల్ అంకె పక్కన పెడితే, అదే కామ్ రెండు రకాలుగా కనిపిస్తుంది.

తిప్పేటప్పుడు ఎప్పుడూ ఒకేవైపు, ఇంజిన్ తిరిగే వైపే తిప్పండి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రండి, లేకపోతే కామ్‌ని తిప్పే చైను వదులు కూడా మీ లెక్కలోకొస్తుంది.

గేజీ ముల్లు కదిలింది టీడీసీ దాటాక 13లో. వాల్వు మూసుకుంది బీడీసీ (పిస్టను పూర్తిగా కిందికెళ్ళే చోటు) దాటాక 63లో. మూడుసార్లు చూశా, అంతే వచ్చింది. లెక్క: 180 నుంచి 13 తీసేస్తే 167, దానికి 63 కలిపితే 230 డిగ్రీలు. ఎగ్జాస్టు కూడా అలాగే తీశాను. బీడీసీకి 22 ముందు తెరుచుకుంటుంది, టీడీసీ దాటాక 28లో మూస్తుంది. అదీ 230.

మాన్యువల్లో ఈ ఇంజిన్‌కి ఇన్‌లెట్ తెరుచుకునేది టీడీసీకి 5 ముందు, మూసుకునేది బీడీసీకి 45 తర్వాత; ఎగ్జాస్టు తెరుచుకునేది బీడీసీకి 40 ముందు, మూసుకునేది టీడీసీకి 10 తర్వాత. అవీ 230, 230. ర్యాలీ కామ్ అయితే వాల్వులు ఇంతకంటే చాలాసేపు తెరిచి ఉండాలి. కాబట్టి ఇది మామూలు కామే. మరి అంకెలెందుకు కలవలేదు? నాలుగింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ సరిగ్గా 18 డిగ్రీలు ఆలస్యం!

ఇంజిన్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కామ్ చక్రానికి ఎన్ని పళ్ళుంటే ఆ సంఖ్యతో 720ని భాగించండి. 40 పళ్ళయితే 18. అంటే ఎవరో చైను ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తప్పించేశారు. ఇన్‌లెట్ లేటుగా మూసుకుంటే, పైకొచ్చే పిస్టను గాలిని వెనక్కి నెట్టేస్తుంది, అందుకే కింద లాగదు. అమ్మినాయన చెప్పిన లక్షణం ర్యాలీ కామ్‌కీ ఉంటుంది, తప్పు చైనుకీ ఉంటుంది.

ముందు కవరు విప్పాం. ఇదిగో, దగ్గరగా చూపించరా తమ్ముడూ... రెండు చక్రాల చుక్కలూ ఎదురెదురుగా ఉండాలి, పై చుక్క ఒక పన్ను పక్కన ఉంది. పళ్ళు లెక్కపెట్టా, 40. చైను తీసి సరిచేసి మళ్ళీ గేజీ పెట్టాను: 5, 45.

ఓనరు గారికి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ర్యాలీ కామ్ డబ్బులు ఆయన దగ్గర వెనక్కి అడగొచ్చంటావా?" అన్నారు. అది నా గేజీలో రాదండీ అన్నాను. చైను కవరు సీలు కొత్తది తేవడానికి తమ్ముడు వెళ్తున్నాడు, పాతది మళ్ళీ వేయకండి.