కొల్లేటి ఎండాకాలం: రోజుకొక ఫోటో

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఆగస్టు 19. 1839లో ఇదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగ్యురే కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించింది. అందుకే ఫోటోగ్రఫీ దినోత్సవం అంటున్నాం. మనకి ఈ తేదీతో ఇంకో సంబంధం ఉంది. 2002లో ఇదే ఆగస్టు 19న కొల్లేరు సరస్సు రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచ ప్రాముఖ్యత ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. రెండూ ఒకే తేదీన పడ్డం యాదృచ్ఛికమే. అయినా కొల్లేటి గురించీ ఫోటోల గురించీ కలిపి మాట్లాడటానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

మాది లంక గ్రామం. కొన్నేళ్లుగా ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా రోజుకొక ఫోటో తీస్తున్నాను. అందరూ అడిగేది ఒకటే, ఎండాకాలం ఎందుకని. మీ ఫోన్లో కొల్లేరు అని వెతికి చూడండి. ఎక్కువగా ఆటపాక పక్షుల కేంద్రంలోని గూడబాతులే వస్తాయి. చెట్ల మీద గూళ్లు, పొగమంచు, సూర్యోదయం. బాగుంటాయి, కాదనను. కానీ అవన్నీ చలికాలపు ఫోటోలు. పక్షులు చుట్టాల్లా వచ్చే కాలం అది. చుట్టాలు వెళ్లిపోయాక మేం ఎలా బతుకుతామో ఎవరూ తీయడం లేదు. మే నెల కొల్లేటికి ఫోటో లేదు.

ఫోటో లేకపోతే ఏమవుతుందో చెబుతాను. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు వర్షాకాలంలో కొల్లేటికి నీళ్లు తెస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం పైనుంచి నీళ్లు ఆగిపోతాయి. సరస్సు కుంచించుకుపోతుంది. నీటిమట్టం బాగా పడిపోతే సముద్రపు నీళ్లే ఉప్పుటేరులోంచి వెనక్కి ఎక్కుతాయి. ఏటా జరిగేదే. అయితే నీళ్లు ఏ రోజుకి ఎక్కడిదాకా తగ్గాయి, ఏ గట్టు ఎప్పుడు తేలింది అంటే ఎవరి జ్ఞాపకం వాళ్లది.

కొల్లేటి మీద తగాదా అంతా ఈ గీత దగ్గరే. 1999లో 5వ కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున గీసిన గీత అది. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో అసెంబ్లీ ఆ గీతను 3వ కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. పర్యావరణం వాళ్లు ఒకటంటారు, రైతులు ఒకటంటారు, కోర్టుల్లో ఇంకోటి నడుస్తుంది. ఇందరు మాట్లాడేది నీళ్ల అంచు గురించి. ఆ అంచుని రోజూ చూసేవాళ్లం మనం. మన దగ్గర తేదీ వేసిన ఫోటో ఉండాలా వద్దా?

అందుకని ముందు ఒక చోటు పట్టుకోండి. వంతెన స్తంభమో, రేవు మెట్లో, గట్టు మీది కరెంటు స్తంభమో, కదలనిది ఏదైనా సరే. రోజూ అక్కడే నిలబడి, అదే ఎత్తు నుంచి, అదే వైపు తిరిగి ఒకటి తీయండి. చూడ్డానికి ఏమీ బాగుండదు. మొదటి వారంలోనే విసుగొస్తుంది. ఏప్రిల్ మొదట్లో తీసినదీ మే ఆఖర్లో తీసినదీ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది దాని విలువ. ముందు స్తంభం మీద తడి మచ్చ కిందికి దిగుతుంది. తర్వాత గుర్రపు డెక్క ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ తర్వాత నేల నెర్రెలిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలన్నారు, ఆ కార్తెకి సరస్సు అడుగే పగిలి కనిపిస్తుంది.

ఇది లెక్క కోసం తీసే ఫోటో. ఇది తీశాక ఊళ్లోకి నడవండి. అసలు పని అక్కడుంది.

ఎండాకాలం మా ఊళ్లో పనికి సెలవు ఉండదు. దోనెల్ని ఒడ్డుకు లాగి, బోర్లించి, తారు పూసేది ఈ రోజుల్లోనే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక బాతుల మందలు చేలల్లోకి దిగుతాయి, వాటి వెనకే మేపేవాళ్లు కర్రా గొడుగూ పట్టుకుని నడుస్తారు. చిన్న చేపలు ఎండబెట్టేది ఇప్పుడే. సాయంత్రం అయితే పిల్లలు ఎండిన సరస్సులోనే క్రికెట్ ఆడతారు, కిక్కిస గడ్డి కర్రలే వికెట్లు. ఆ నేల మీద నాలుగు నెలలు పోతే పడవలు తిరుగుతాయి. ఈ సంగతి తెలియనివాళ్లకి ఆ ఫోటోలో క్రికెట్ మాత్రమే కనబడుతుంది. అందుకే కింద రెండు వాక్యాలు రాయమంటాను.

వల బాగుచేసుకునే ఒక పెద్దాయన ఉన్నాడు. మధ్యాహ్నం పాక నీడలో కూర్చుంటాడు. వలని కాలి బొటనవేలికి తగిలించి, లాగి పట్టుకుని, వెదురు సూదితో ముడి మీద ముడి వేసుకుంటూ పోతాడు. కళ్లు సరిగా ఆనవు. అయినా వల కన్ను ఎంత వెడల్పు ఉండాలో వేళ్లే చూసుకుంటాయి. ఎన్నో రోజులు ఆయన మొహమే తీశాను. ఒకరోజు పాదం దగ్గరికి వెళ్లి తీశాను. బొటనవేలి మొదట్లో దారం ఒరుసుకుని ఒరుసుకుని గాడి పడిపోయి ఉంది. ఎన్నో ఏళ్ల వలలు ఆ గాడిలో ఉన్నాయి. రోజూ వెళ్లకపోతే ఆ పాదం నాకు కనబడేది కాదు. ఒక్కరోజు వచ్చే ఫోటోగ్రాఫర్‌కి గడ్డమూ ముడతలూ దొరుకుతాయి. రోజూ పోయేవాడికి పని దొరుకుతుంది. మీకు నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

చేపల పట్టుబడి చూడాలంటే తెల్లవారకముందే చెరువు గట్టు మీద ఉండాలి. పది పన్నెండు మంది గుండెలోతు నీళ్లలో వల గుండ్రంగా లాక్కొస్తుంటారు. వల దగ్గరపడే కొద్దీ నీళ్లు ఉడికినట్టు అవుతాయి, బొచ్చె, శీలావతి ఎగిరెగిరి పడుతుంటాయి. అంతా దాన్నే తీస్తారు. నేను మాత్రం గట్టుకీ లారీకీ మధ్య నిలబడమంటాను. ట్రేలు నెత్తిన పెట్టుకుని జారే మట్టిలో పైకి ఎక్కేవాళ్ల మెడలు చూడండి, నీళ్లు కారి కళ్లల్లో పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పక్కనే ఐసు దిమ్మలు పొడి చేస్తుంటారు. ఎండ ముదిరేలోపు లారీ కదలాలి, ఆ టెన్షన్ అందరి నడకలో ఉంటుంది. ఇక్కడ ఎక్కిన చేప బెంగాల్, అస్సాం దాకా పోతుంది. మనం తీసిన ఆ మెడ ఫోటో ఆ చేప తినేవాళ్లకి చేరాలని నాకు గట్టి కోరిక.

ఇక నీళ్ల సంగతి. మా కష్టాల జాబితా కొల్లేటి చాంతాడంత ఉంది కానీ దాంట్లో మొదటిది తాగునీరు. చుట్టూ నీళ్లున్న ఊళ్లో క్యాను కొనుక్కుని తాగాలి. ట్యాంకరు వచ్చే వేళకి రోడ్డు మీద బిందెలు వరుసగా నిలబడి ఉంటాయి. మనుషులు నీడలో ఉంటారు, వాళ్ల బదులు బిందెలే క్యూ కడతాయి. ప్లాస్టిక్‌వి, స్టీలువి, ఒకటి రెండు పాత ఇత్తడివి. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు, ఒకరి ముందుకి ఇంకొకరు జరపరు. నేను తీసినవాటిలో ఒక్క మనిషీ లేని ఫోటో అది, కానీ అందులో ఊరంతా ఉంది. వెనక దూరంగా కొల్లేరు తళతళలాడుతుంటుంది. ఆ రెండూ ఒకే ఫ్రేములోకి రావాలంటే కాస్త కిందికి కూర్చుని తీయాలి.

అడగకుండా తీయొద్దు. ముఖ్యంగా ఆడవాళ్లని, స్నానాల రేవు దగ్గర, చావు ఇంట్లో, పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు లేనప్పుడు. "పిన్నీ, ఒకటి తీసుకోనా?" అని అడిగితే పోయేదేమీ లేదు. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. తీసినవాటికి ప్రింట్లు వేయించి ఇవ్వాలి. ఊళ్లో ఎవరినీ దీనంగా చూపించొద్దు. పేదరికం తీస్తున్నాననుకుని కళ్లు దించుకున్న మొహాలే ఏరితే అది అబద్ధం. కష్టం చేసేవాడు పని మధ్యలో నవ్వుతాడు, తిడతాడు, పాట పాడతాడు.

ఫోన్ చాలు, కెమెరా కొనాల్సిన పని లేదు. ఎండాకాలం ఏడింటిలోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత వెలుగు మెత్తగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నీళ్లు తెల్లగా మెరిసి అన్నీ మింగేస్తాయి, కాబట్టి స్క్రీన్ మీద ఆ తెల్లటి చోట వేలు పెట్టి వెలుగు తగ్గించుకోండి, లేదా పాక లోపలికి వెళ్లి తీయండి. అసలు ఫైలు దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, అందులో ఉండే తేదీ, స్థలం వివరాలూ పోతాయి. రేపు ఎవరికైనా రుజువుగా చూపించాలంటే ఆ వివరాలే కావాలి. బాగా రాని ఫోటోని కూడా తుడిచేయొద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది, దేశమంతా చూసింది. ఆ నీళ్లే తర్వాత కొల్లేటికి వచ్చాయి. అప్పుడు నా పాత మే నెల ఫోటోలు తీసి రచ్చబండ దగ్గర చూపించాను. ఈ గట్టు అప్పుడు ఇక్కడ లేదని ఒకాయన, ఉందని ఇంకొకాయన, అరగంట వాదులాడుకున్నారు. ఫోటో పెద్దది చేసి చూసి, లేదని తేలాక గట్టు ఎప్పుడు వచ్చిందని మళ్లీ మొదలుపెట్టారు. నాకు చాలా సంతోషం వేసింది. కొల్లేటి గురించి మావాళ్లు జ్ఞాపకంతో కాకుండా ఒక బొమ్మ ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం అదే మొదలు.

మీలో చాలామందివి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లే. వచ్చే ఉగాదికి ఊరికి ఒక్కరైనా మొదలుపెట్టండి. ఈలోపు ఒక పని చేయొచ్చు. మీ ఇళ్లల్లో పాత పెళ్లి ఆల్బమ్‌లు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లినప్పుడు దిగిన ఫోటోలు ఉంటాయి. 2006కి ముందువి, ఇంకా వెనకవి. అందులో మీ తాతల వెనక ఏముందో చూడండి. గట్టా, నీళ్లా, కిక్కిసా, చెరువా. అలాంటివి దొరికితే వచ్చే ఆదివారం ఇక్కడికే తీసుకురండి. స్కానర్ నేను తెస్తాను, ఆల్బమ్ అక్కడికక్కడే మీ చేతికి తిరిగి ఇచ్చేస్తాను. ఏ ఊరు, ఎవరి పెళ్లి, ఏ నెల అన్నది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చీటీ మీద రాసుకుని రండి.