ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు

(చిత్తూరులో జాతీయ భద్రతా దినోత్సవం నాడు ఐటీఐ విద్యార్థుల ముందు, గ్రానైట్ కార్మికుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, ఇన్‌స్ట్రక్టర్ సార్లకు, పని మానుకుని వచ్చిన నా పాత జతగాళ్ళకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ కాగితం మీద రాసుకొచ్చాను. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. చెప్పాల్సింది ఏళ్ళ తరబడి గుండెలో పెట్టుకున్న మాట. పెద్దలు మన్నించాలి, నేరుగా విషయంలోకి వస్తాను.

1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది కాబట్టి ఏటా ఈ రోజు బ్యాడ్జీలు పెట్టుకుంటాం, ప్రతిజ్ఞ చదువుతాం. హెల్మెట్ గురించి, బూట్ల గురించి ఇందాక సార్ బాగా చెప్పారు. నన్ను కూడా వాటి గురించే మాట్లాడమన్నారు. నేను మాత్రం రక్తం కారని దెబ్బ గురించి చెబుతాను. రెజిన్ అలర్జీ గురించి. రెజిన్ అంటే రాతి చీలికలు పూడ్చే ఎపాక్సీ అనే రసాయన జిగురు.

మన చిత్తూరు చుట్టూ గ్రానైట్ ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. బండను కోసి శ్లాబులు చేశాక వాటిలో సన్న చీలికలు, గుంటలు ఉంటాయి. అవి పూడడానికి పైన రెజిన్ పోసి రేకుతో లాగుతారు. వెనక వైపు ఫైబర్ నెట్టు పరిచి దాని మీద కూడా పూస్తారు. ఆరాక పాలిష్ పడుతుంది. రెండు డబ్బాలు ఉంటాయి. ఒకదాంట్లో తేనెలా చిక్కటి రెజిన్, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. హార్డెనర్ మూత తీస్తే చేపల వాసన ముక్కుకు పొడుచుకుంటుంది. ఆ రెంటినీ తూకం వేసి బక్కెట్లో కలిపే పని నాది. నాలుగేళ్ళు కలిపాను. ఒక్క దద్దురు రాలేదు.

వెనక బెంచీల వాళ్ళకు కూడా వినబడాలి. నాలుగేళ్ళు ఏమీ కాలేదు. చేతికి అంటితే థిన్నర్ గుడ్డతో తుడుచుకుని టీ తాగడానికి పోయేవాణ్ణి. ఐదో ఏడు మే నెలలో ఒక సోమవారం పనిచేసి, బుధవారం తెల్లవారి నిద్ర లేస్తే కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు రెండూ ఉబ్బి గోళీల్లా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో ఆవగింజల్లా నీటి పొక్కులు. మణికట్టు మీద గ్లౌజు అంచు ఎక్కడిదాకా వస్తుందో అక్కడ గీత గీసినట్టు ఎర్రగా కందిపోయింది.

మే నెలంటే మనకేమిటి? మామిడి కోతల కాలం. చూసిన ప్రతివాడూ ఒకటే మాట: "సొన కొట్టిందిలే అన్నా, వేపాకు నూరి పెట్టు." నేనూ అదే అనుకున్నా. కాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పడి మూతి కాలని పిల్లాడు మన జిల్లాలో ఉండడు. ఇక్కడ కాస్త ఆగి ఈ సొన సంగతే చెబుతాను, ఎందుకంటే రెజిన్ అలర్జీ మన జిల్లావాళ్ళకు దీంతోనే బాగా అర్థమవుతుంది. సొన పడినచోట వెంటనే కాలి మచ్చ పడితే అది ఘాటు. అది ఎవరికైనా జరుగుతుంది. కానీ కొందరికి కాయ ముట్టిన మర్నాడో మూడోనాడో ముఖమంతా పొక్కుతుంది. పక్కనే అదే బుట్ట మోసినవాడికి ఏమీ కాదు. ఆ రెండోది అలర్జీ. మామిడి, జీడిమామిడి, చాకలివాళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబం. ఎపాక్సీ రెజిన్ వేరే జాతి రసాయనం, కానీ ఒంట్లో చేసే పని ఇదే. మొదట ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దానికి వారాలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. ఒక్కసారి గుర్తుపెట్టుకున్నాక మళ్ళీ తగిలితే ఒకటి రెండు రోజుల్లో తిరగబడుతుంది. ఆ గుర్తు చెరిగిపోదు. చెరిపే మందు లేదు.

మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో మాయం. మళ్ళీ పని, మళ్ళీ పొక్కులు, మళ్ళీ ట్యూబు. ఒకచోట గజ్జి అన్నారు, ఇంటిల్లిపాదికీ మందు పూయించారు. ఒకచోట తామర అన్నారు. ఒకచోట రక్తం చెడిందన్నారు. మా అమ్మ వంకాయ, గోంగూర, ఎండు చేపలు మాన్పించింది. మూడేళ్ళు వంకాయ తినలేదు నేను. ఆ ట్యూబులో గట్టి స్టెరాయిడ్ ఉందని, ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారుతుందని ఎవరూ చెప్పలేదు. ఇంతమంది చేతులు చూశారు, కళ్ళు చూశారు. "ఏం పని చేస్తావు నాయనా?" అని ఒక్కరు అడగలేదు. ఒక్కరు.

సూపర్‌వైజర్‌కు చూపిస్తే, "చేతులు సరిగ్గా కడుక్కో" అని థిన్నర్ డబ్బా ముందుకు తోశాడు. అతని మీద నాకిప్పుడు కోపం లేదు, అతనికీ తెలియదు. కానీ పిల్లలూ, థిన్నర్ చేసేదేమిటో వినండి. చర్మం మీద ఉండే జిడ్డే మనకు గోడ. థిన్నర్, అసిటోన్ ఆ గోడను కడిగేసి రెజిన్‌ను లోపలికి పంపుతాయి. అంటితే ముందు కాగితంతోనో గుడ్డతోనో తుడిచి, తర్వాత సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. అంతే. రాతిపొడితో రుద్దడం కూడా వద్దు. మా లైన్లో అందరం రుద్దేవాళ్ళం.

ఇప్పుడు చెప్పేది చెప్పాలంటే నాకు కష్టంగా ఉంటుంది. మా ఇంటామె చేతులకూ వచ్చింది. ఆమె ఫ్యాక్టరీ గేటు కూడా చూసింది కాదు. నా ప్యాంటు తొడల మీద రెజిన్ తుడిచి తుడిచి అట్టకట్టి ఉండేది. రేయి పూట దాన్ని ఆమె బండ మీద వేసి చేత్తో రుద్ది ఉతికేది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పగిలి, అన్నం కలిపితే కారం మండి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. సబ్బు పడలేదనుకుని సబ్బు మార్చాం. తర్వాత డాక్టరమ్మ చెప్పాక నా పనిబట్టలు ఇంటికి తేవడం మానేశాను. రెండు నెలల్లో ఆ వేళ్ళు మానాయి. దయచేసి, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నా, పనిబట్టలు ఫ్యాక్టరీలోనే విడవండి. ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు.

డాక్టరమ్మ గురించి చెప్పాలి. చివరికి వేలూరు ఆసుపత్రికి పోయాను. ఆమె నా చేతులు చూడకముందే అడిగింది, "మీరు ఏం పని చేస్తారు?" నాకు నోట మాట రాలేదు. తర్వాత వరసగా అడిగింది. ఆదివారం తగ్గుతుందా? దసరా సెలవుల్లో ఎలా ఉంది? సోమవారం ముట్టుకుంటే ఎప్పుడు మొదలవుతుంది? మూడు వందల ఏళ్ళ కింద ఇటలీలో రామజ్జీని అనే డాక్టరు, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో 'నీ వృత్తి ఏమిటి' అన్నది కూడా చేర్చమన్నాడని ఆమే చెప్పింది. మూడు వందల ఏళ్ళ కింద!

ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళల్లో రకరకాల రసాయనాలు పెట్టి టేపు వేస్తారు. సూది ఉండదు. 48 గంటలు అలాగే ఉంచాలి. స్నానం కుదరదు, చెమట పట్టే పని చేయకూడదు. మన ఎండల్లో అది కష్టమే, చలికాలంలో పెట్టించుకుంటే మేలు. తీసిన రోజు ఒకసారి, మళ్ళీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఎపాక్సీ పెట్టినచోట నాకు రూపాయి బిళ్ళంత ఎర్రగా పొంగింది. పరీక్షలో ఆ రెజిన్ నూటికి ఒక వంతు మాత్రమే ఉంటుందట. డబ్బాలోని రెజిన్‌ను ఎవరూ చేతి మీద వేసుకుని సొంతంగా పరీక్ష చేసుకోవద్దు. చర్మం కాలవచ్చు, లేని అలర్జీ పట్టుకోవచ్చు.

గ్లౌజులు వేసుకున్నాను కదా అని నేనూ వాదించాను. పలచటి రబ్బరు గ్లౌజులోంచి ఎపాక్సీ దూరిపోతుంది. ఒకే జత రెండు రోజులు వాడితే లోపలే రెజిన్ చేరి చెమటలో నానుతుంది, ఒట్టి చేతి కంటే అధ్వాన్నం. నీలం రంగు నైట్రైల్ గ్లౌజు కొంత ఆపుతుంది, అదీ కొద్దిసేపే. మరక పడగానే తీసి పారేయాలి. రోజంతా కలిపేవాళ్ళకు ప్లాస్టిక్ పొరలు అతికించి చేసే ల్యామినేట్ గ్లౌజులున్నాయి, అవి అడగండి. ధర ఎక్కువ అంటారు. నా మూడేళ్ళ జీతం కోత కంటే ఎక్కువ కాదు.

ఎపాక్సీని స్విట్జర్లాండ్‌లో పియరె కాస్టన్ అనే ఆయన 1930లలో కట్టుడు పళ్ళ కోసం తయారు చేశాడట. ఇప్పుడది లేని చోటు లేదు. మీరు రేపు ఏర్పేడు, రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో పనికి పోతారు. అక్కడ సర్క్యూట్ బోర్డులు, మోటారు వైండింగులు, ఫ్లోరింగ్, పెయింట్లు, అన్నిట్లోనూ ఇదే. ఇంట్లో రెండు ట్యూబులు కలిపి అతికించే ఆరల్డైట్ కూడా ఇదే. భయపడి వంటగట్టు ముట్టుకోకుండా ఉండక్కర్లేదు. పూర్తిగా గట్టిపడిన రెజిన్ మామూలుగా ఏమీ చేయదు, నేను రోజూ గ్రానైట్ గట్టు మీదే భోజనం చేస్తాను. ప్రమాదం పచ్చిదాంతో, సగం ఆరినదాన్ని రుద్దితే లేచే దుమ్ముతో. ఆ దుమ్మే నా రెప్పల మీద పడింది. కంటిరెప్ప చర్మం చాలా పలచన. ఆయాసం, పిల్లికూతలు మొదలైతే మాత్రం అది చర్మం దాటి పోయినట్టు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

యజమానులెవరైనా ఈ సభలో ఉంటే ఒక మాట. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే రసాయనాలు, పెయింట్లు తగిలి వచ్చే చర్మవ్యాధి ఉండేది. అంటే ఇది కూలివాడి మురికి కాదు. ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బు. నాకు ఈ సంగతి పని వదిలేశాక తెలిసింది. ఇంకో చోట పని చూపించమని అప్పుడు అడిగి ఉంటే, రాతి లెక్కల రిజిస్టర్ దగ్గర అప్పుడే కూర్చునేవాణ్ణి, ఇప్పుడు కూర్చున్నట్టే.

టైమ్ అయిపోయిందని ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. ఒక్క నిమిషం సార్.

ఇది మా పాత రెజిన్ డబ్బా మీది లేబుల్. ఎనిమిదేళ్ళుగా దాచాను. ఎర్ర అంచు బొమ్మలో ఆశ్చర్యార్థకం గుర్తు చూడండి. కింద హెచ్ 317 అని ఉంది. చర్మ అలర్జీ తెస్తుందని దానర్థం. నాలుగేళ్ళు ఈ డబ్బా మూత తీశాను, ఇంగ్లీషు కదా అని చదవలేదు. టీకి పోయేముందు ఒక్కొక్కరుగా వచ్చి ఫోన్లో ఫొటో తీసుకోండి. మూడో వరుసలో చేతులు జేబులో దాచుకున్న తమ్ముడూ, నువ్వు ముందు రా. నీ మణికట్టు మీది గీత ఇందాకే చూశాను.