రోమ్‌ను గెలిచింది ముప్పై పైసల వడ్డీ

నమస్తే. ముందు ఒక కామెంట్ చదువుతాను. "క్రైస్తవం పెరగడానికి కారణం ఒక్కడే, కాన్‌స్టంటైన్ చక్రవర్తి. కత్తి పట్టి అందర్నీ మార్చేశాడు, నైసియాలో కూర్చుని బైబిల్ కూడా తనే తయారు చేయించాడు." దాని కింద ఇంకొకాయన జవాబు: "పన్నెండు మంది జాలర్లు ప్రపంచాన్ని గెలిచారంటే అది దేవుడి పని కాక ఇంకేంటి, రుజువు ఇదే కదా." (పన్నెండు మందీ జాలర్లు కారండీ, అందులో ఒకాయన సుంకం వసూలు చేసేవాడు, సరే వదిలేద్దాం.)

వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ ఇద్దరి నమ్మకం ఒకటే. ఎవరో వెనకనుంచి పెద్ద తోపు తోస్తే తప్ప ఇంత పెరగదని. నాకు చిరాకు వచ్చేది అక్కడే.

కాన్‌స్టంటైన్ సంగతి త్వరగా తేల్చేస్తాను. 312లో రోమ్ దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచాడు. 313లో తోటి చక్రవర్తి లిసీనియస్‌తో కలిసి క్రైస్తవానికి అనుమతి ఇచ్చాడు, అనుమతి మాత్రమే. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో పెద్ద గొడవ క్రీస్తు తండ్రితో సమానమా కాదా అన్న దాని మీద. బైబిల్‌లో ఏ పుస్తకాలు ఉండాలన్నది అక్కడ తేల్చలేదు. ఇప్పుడున్న 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితా సరిగ్గా అలాగే మనకి మొదట కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఉత్తరంలో. రాజ్యమతం చేసింది 380లో థియోడోసియస్ చక్రవర్తి. అప్పటికి కాన్‌స్టంటైన్ పోయి నలభై మూడేళ్ళు.

మరి అంత మంది ఎక్కడ్నించి వచ్చారు?

మా అమ్మమ్మ వీధిలో వాళ్ళకి రూపాయి వడ్డీకి అప్పులిచ్చేది. "వడ్డీకి నిద్ర ఉండదురా" అనేది. రాడ్నీ స్టార్క్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1996లో వేసిన లెక్క చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. క్రీ.శ. 40లో ఒక వెయ్యి మంది ఉన్నారనుకోండి. పదేళ్ళకి నూటికి నలభై చొప్పున పెరిగారు. అంటే ఏడాదికి మూడున్నర శాతం లోపే. మన వడ్డీ భాషలో చెప్పాలంటే నూటికి నెలకి ముప్పై పైసలు కూడా పడదు. ఈ వడ్డీకి అప్పిస్తానంటే మా వీధిలో జనం కాళ్ళకి దణ్ణం పెడతారు.

(స్క్రీన్ మీద: క్రీ.శ. 40 – 1,000. 100 – 7,500. 200 – 2 లక్షల 18 వేలు. 300 – 63 లక్షలు.)

చూడండి. మొదటి అరవై ఏళ్ళకి ఉన్నది మన దగ్గర ఒక మేజర్ పంచాయతీ అంత జనం, అంతే. మధ్యధరా సముద్రం చుట్టూ చెదిరిపోయి ఉన్నారు, ఎవరి కంటికీ ఆనరు. అదే వడ్డీ, పైసా పెంచలేదు, 300 వచ్చేసరికి దాదాపు ఆరు కోట్ల జనాభాలో పదో వంతు. కాన్‌స్టంటైన్ అప్పటికి చక్రవర్తి కూడా కాదు. ఆయన వడ్డీ మొదలుపెట్టినవాడు కాదు, పెరిగిన ఖాతా చూసి వచ్చినవాడు. ఇది అంచనా లెక్కే, మొదట వెయ్యి అన్నది ఊహే. కానీ అద్భుతమో కత్తో లేకుండా ఇది సాధ్యం కాదు అనే వాదన మాత్రం ఈ ముప్పై పైసల దగ్గర పడిపోతుంది.

సరే, ఆ ముప్పై పైసలు ఎక్కడ్నించి వచ్చాయి? నాకు ఇష్టమైన భాగం ఇదే.

ఈజిప్టులో ఒక ఉత్తరం దొరికింది, పపైరస్ మీద, క్రీ.పూ. 1 నాటిది. హిలారియన్ అనే అతను అలెగ్జాండ్రియాకి పనికి వెళ్ళి, ఊళ్ళో కడుపుతో ఉన్న భార్య ఆలిస్‌కి రాశాడు. కూలి డబ్బులు రాగానే పంపిస్తాను, పిల్లాణ్ణి జాగ్రత్తగా చూసుకో, నన్ను మర్చిపోవద్దని కబురు పెట్టావట, నిన్ను ఎలా మర్చిపోతాను అంటాడు. మధ్యలో ఒక్క వాక్యం: మగపిల్లాడు పుడితే ఉంచు, ఆడపిల్ల అయితే పారెయ్. అతను రాక్షసుడు కాదు, పెళ్ళాం మీద బెంగ పెట్టుకున్న మామూలు కూలి మనిషి. ఆ రోజుల్లో అది మామూలు. యూదులు అలా చేసేవాళ్ళు కాదు, వాళ్ళలోంచి వచ్చిన క్రైస్తవులూ చేయకూడదన్నారు. పిల్లల్ని పారేయని గుంపులో నూరేళ్ళ తర్వాత ఎంత మంది అమ్మలుంటారో మీరే లెక్కేయండి.

రెండోది అంటురోగాలు. 165లో ఒకటి, 250ల్లో ఇంకొకటి. అలెగ్జాండ్రియా బిషప్ డయొనీషియస్ రాశాడు, మనవాళ్ళు రోగుల పక్కనే ఉండి సేవ చేసి పోయారు, బయటివాళ్ళు సొంత మనుషుల్నే వీధిలో వదిలేశారు అని. తన వాళ్ళ గురించి తనే రాసుకున్నాడు కాబట్టి కొంచెం తగ్గించుకుని చదవండి. కానీ మందే లేని రోజుల్లో జ్వరంలో ఉన్నవాడికి గ్లాసు నీళ్ళు, ఇంత జావ పట్టిస్తే బతికేవాళ్ళు బతుకుతారు. అలా బతికినవాడు ఎవరి వైపు వెళ్తాడు? 251 ప్రాంతంలో రోమ్ సంఘం 1,500 మందికి పైగా విధవరాళ్ళని, పేదవాళ్ళని పోషిస్తోందని రోమ్ బిషప్ కొర్నేలియస్ ఉత్తరంలోనే ఉంది. ఇది సొంత డబ్బా అనుకుంటే జూలియన్‌ని అడగండి. క్రైస్తవం వదిలేసి పాత దేవుళ్ళని మళ్ళీ నిలబెట్టాలని చూసిన చక్రవర్తి, 360ల్లో. ఆయనే తన పూజారికి రాసి ఏడ్చాడు, ఈ గలిలయవాళ్ళు (క్రైస్తవుల్ని ఆయన అలాగే పిలిచేవాడు) తమ పేదలతో పాటు మన పేదలకి కూడా తిండి పెడుతున్నారు, మనకి సిగ్గుచేటు అని.

తొలినాటి ప్రచారకుడు పౌలు సున్నతి అక్కర్లేదనడం, గ్రీకు భాష, రోమన్ రోడ్లు, ఊరూరా ఉన్న యూదుల సమాజమందిరాలు, ఇవన్నీ కూడా ఉన్నాయి. టైమ్ లేదు, ముందుకి పోదాం.

ఇప్పుడు అసలు. వడ్డీ కాదు, అసలు. రెండో కామెంట్ ఆయన చేసిన పొరపాటు ఏంటంటే, వడ్డీ పెరిగింది కాబట్టి ప్రాంసరీ నోటు, అంటే యేసు గురించిన అసలు కథ, నిజమే అంటున్నాడు. అయ్యా, దొంగ నోటు మీద కూడా వడ్డీ పెరుగుతుంది. నోటు నిజమో కాదో తేలాలంటే సాక్షి సంతకాలు చూడాలి.

పౌలు 50ల్లో రాస్తున్నాడు, యెరూషలేములో కేఫాతో, అంటే యేసు శిష్యుడు పేతురుతో, పదిహేను రోజులు ఉన్నానని, ప్రభువు తమ్ముడు యాకోబుని చూశానని. 93 ప్రాంతంలో యూదు చరిత్రకారుడు జోసిఫస్ యేసుని రెండుసార్లు ప్రస్తావిస్తాడు. ఒకచోట తర్వాతి క్రైస్తవ లేఖకులు చెయ్యి పెట్టారు, అది చదివితేనే తెలిసిపోతుంది, రెండోది మాత్రం బాగానే నిలుస్తుంది. 116 ప్రాంతంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్, ఈ మతమంటే అసహ్యం ఆయనకి, అయినా తిబెరి చక్రవర్తి కాలంలో రోమన్ గవర్నర్ పిలాతు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు. గిట్టనివాడు పెట్టిన సాక్షి సంతకం కోర్టులో ఎంత పనికొస్తుందో మీకు చెప్పక్కర్లేదు. పిలాతు పేరు చెక్కిన రాయి కూడా 1961లో కైసరయలో దొరికింది. యేసు అనే మనిషి లేడు అనే వాదనని చరిత్రకారుల్లో పట్టించుకునేవాళ్ళు దాదాపు లేరు.

కానీ నోటు మీద తేదీ తప్పు పడింది. యూదయ రాజు హేరోదు బతికుండగా యేసు పుట్టాడంటాడు సువార్త (యేసు జీవితకథ) రాసిన మత్తయి, హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది లెక్క. రోమన్ గవర్నర్ కురేనియ చేసిన జనాభా లెక్కల్లో పుట్టాడంటాడు ఇంకో సువార్తలో లూకా, అది క్రీ.శ. 6. తొమ్మిదేళ్ళ తేడా. దీన్ని అతకడానికి రకరకాల వివరణలు ఉన్నాయి, నేను చదివినంతలో ఏదీ నిలబడలేదు. దానివల్ల నోటు మొత్తం చెల్లదని కాదు, ఆ గీత దగ్గర కొట్టివేత ఉందని.

బ్యాటరీ ఎర్రగా కొడుతోంది, గబగబా చెప్పేస్తాను. సువార్తలు ఎక్కువమంది లెక్కలో 70 నుంచి 100 మధ్య రాసినవి. హింసలు మూడు వందల ఏళ్ళూ ఆగకుండా జరగలేదు. 250లో డెసియస్ చక్రవర్తి అందరూ పాత దేవుళ్ళకి బలి ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోమన్నప్పుడు క్రైస్తవులు చాలామంది లైన్లో నిలబడి తెచ్చుకున్నారు కూడా. అలాంటి సర్టిఫికెట్లు ఈజిప్టు ఇసకలో దొరికాయి.

ఇక పునరుత్థానం, అంటే యేసు చనిపోయి మళ్ళీ లేచాడన్నది. కామెంట్లలో అడిగేది ఇదే అని తెలుసు. ఎవరెవరికి కనిపించాడో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలో జాబితా ఉంది, అది అతనికి ముందువాళ్ళు అప్పజెప్పిన మాట అని తనే అంటాడు. కాబట్టి మేము చూశాం అని వాళ్ళు మొదట్నించీ నమ్మారు, ఇది తర్వాత అల్లిన కథ కాదు, అంతవరకు చరిత్రకారుడు సంతకం పెడతాడు. వాళ్ళు చూసింది ఏంటి అన్న దగ్గర పెన్ను కింద పెట్టేస్తాడు. ఆ మొదటి వెయ్యి మంది మాత్రం వడ్డీ లెక్కలో ఎక్కడా