జీను కుట్టిన చేతులు గడియారం పట్టినప్పుడు

అందరికీ నమస్కారం.

ఫ్యాషన్ కంపెనీ వాచీ తెచ్చిందంటే మనకు ముందు వచ్చే అనుమానం ఒకటే: లోపలి మిషను ఎవరిదో, పైన పేరు మాత్రం వీళ్లది. చాలాసార్లు అది నిజమే. ఎర్మెస్ విషయంలో నా అనుమానం ఎలా తీరిందో ఇవాళ చెబుతాను.

1837లో తియెరీ ఎర్మెస్ పారిస్‌లో మొదలుపెట్టింది గుర్రాలకు కట్టే తోలు సామాను పని. జీను కుట్టు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? మైనం పట్టించిన ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ఒకే రంధ్రంలో రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు ఊడదు. వాళ్ల హ్యాండ్‌బ్యాగులకు ఈనాటికీ అదే కుట్టు.

1978లో స్విట్జర్లాండ్‌లోని బియెన్‌లో గడియారాల కంపెనీ పెట్టారు. ఆ ఏడాదే వచ్చిన ఆర్సో వాచీకి, బెల్టు తగిలించే కొమ్ములను ఆన్రీ దోరిన్యీ రికాబు ఆకారంలో గీశారు. తోలు, గీత వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్యలు. మిషను మాత్రం కాదు. అందుకే 2006లో, వాచీ మిషన్లు తయారుచేసే వోషే సంస్థలో 25 శాతం వాటా కొన్నారు. ఆ తర్వాత డయళ్లు చేసేవాళ్లను, కేసులు చేసేవాళ్లను కలుపుకున్నారు. గడియారాల కంపెనీ పెట్టడానికీ ఈ వాటా కొనడానికీ మధ్య 28 ఏళ్లు. ఆ ఓపికంటే నాకు గౌరవం.

2011లో 'ఆగిన కాలం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఆర్సో తెచ్చారు. లోపలి ఏర్పాటు జాన్ మార్క్ వీడర్‌రెక్ట్ అనే నిపుణుడిది. పక్కనున్న మీట నొక్కితే రెండు ముళ్లూ గబుక్కున పన్నెండు దగ్గరకు చేరి, అటొకటి ఇటొకటి నిలబడతాయి. మామూలుగా నడిచే గడియారంలో అవి అలా నిలిచే సమయమంటూ ఉండదు. తేదీ ముల్లయితే కనబడకుండా పోతుంది. మళ్లీ నొక్కితే, మధ్యలో గంట గడిచినా రెండు గంటలు గడిచినా, ముళ్లు సరిగ్గా అసలు టైముకే వస్తాయి. పైన ఆగింది ముళ్లే, లోపల లెక్క నడుస్తూనే ఉంది. ఆ ఏడాది గడియారాలకు బహుమతులిచ్చే జెనీవా గ్రాండ్ ప్రీలో పురుషుల వాచీ బహుమతి దీనికే వచ్చింది.

టైము టెన్షన్ కాసేపు పక్కన పెట్టుకోండి అని చెప్పడానికి ఇంత కష్టమైన యంత్రం కట్టారు. వాచీ అనగానే ఒక్క సెకను కూడా తేడా రాకూడదనే పట్టుదల ఉన్న రంగంలో, ఆ ఆలోచన బయటి నుంచి వచ్చినవాళ్లకే తట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు తెర మీద ఆ వాచీ వీడియో చూద్దాం. రెండోసారి మీట నొక్కినప్పుడు చిన్న ముల్లును గమనించండి.